వేలిని రద్దు చేయలేం

2017 ఆగస్టు 30న ఎస్తోనియా ప్రభుత్వానికి ఒక చేదు కబురు అందింది. చెక్ దేశంలోని బర్నో నగరంలో మసారిక్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి పెత్ర్ ష్వెండా, మాతూష్ నెమెత్స్ బృందం కనిపెట్టిన విషయం అది. ఎస్తోనియా పౌరుల గుర్తింపు కార్డులో ఒక చిప్ ఉంటుంది. ఆ చిప్ ఒక్కో మనిషికి ఒక్కో రహస్య సంఖ్యను తయారుచేసి తనలోనే దాచుకుంటుంది. బయట ఎవరికీ ఆ సంఖ్య తెలియదన్న నమ్మకం మీదే కార్డు నడుస్తోంది. కార్డు చేతికి చిక్కకపోయినా, పిన్ నంబరు తెలియకపోయినా ఆ సంఖ్యను లెక్కగట్టి పట్టుకోవచ్చని ఆ బృందం తేల్చింది.

బాల్టిక్ సముద్రపు ఒడ్డున ఉన్న ఈ దేశపు జనాభా 13 లక్షలు. మన విశాఖపట్నంలోనే అంతకన్నా ఎక్కువమంది ఉంటారు. లోపం ఉన్న కార్డులు దాదాపు ఏడున్నర లక్షలు. 2014 అక్టోబరు తరవాత జారీ అయినవన్నీ అందులోకే వస్తాయి. ఆ దేశంలో ఈ కార్డు చిరునామా రుజువుకోసం జేబులో పెట్టుకు తిరిగేది మాత్రమే కాదు. పన్ను కట్టడం, కంపెనీ పెట్టడం, ఆస్తి పత్రం మీద సంతకం చేయడం, డాక్టరు రాసిన మందులు షాపులో తీసుకోవడం అన్నీ దానితోనే. 2005 నుంచి ఓటు కూడా. అక్టోబరులో స్థానిక ఎన్నికలు ఉన్నాయి. అంటే కబురు అందేనాటికి ఎన్నికలకు మిగిలింది నెలన్నరే.

ఇలాంటప్పుడు ప్రభుత్వాలు సాధారణంగా చేసే పని మనకు తెలిసిందే. ఏమీ జరగలేదంటారు, లేదా విచారణ జరుగుతోందంటారు. ఎస్తోనియా ప్రధాని యూరి రతాస్ సెప్టెంబరు 5న పత్రికలవాళ్లను పిలిచి లోపం ఉందని తానే చెప్పారు. కబురు వచ్చి అప్పటికి వారం కూడా తిరగలేదు. ఆ ధైర్యం ఎక్కడిదో అర్థం కావాలంటే ముందు లోపం ఏమిటో చూడాలి.

పదకొండుతో భాగిస్తే

89, 97 రెండూ ప్రధాన సంఖ్యలు. ఈ రెండింటినీ గుణించమంటే హైస్కూలు పిల్లలు కాగితం మీద చిటికెలో 8633 అని తేల్చేస్తారు. అదే 8633 చేతికిచ్చి, ఏ రెండింటిని గుణిస్తే ఇది వచ్చిందో చెప్పమంటే తల పట్టుకుంటారు. గుణించడం సులువు, విడదీయడం కష్టం. రివెస్ట్, షమీర్, ఆడెల్మన్ అనే ముగ్గురు 1977లో ఈ తేడాను ఆధారం చేసుకునే ఆర్ఎస్ఏ పద్ధతిని కనిపెట్టారు. ఎస్తోనియా కార్డులో వాడిన సంఖ్య పొడవు 617 అంకెలు. దాని కారణాంకాలు రెండు, ఒక్కోటి 309 అంకెల ప్రధాన సంఖ్య. వాటి లబ్ధాన్ని ఊరందరికీ చెప్పొచ్చు, దాన్నే పబ్లిక్ కీ అంటారు. కారణాంకాలు మాత్రం చిప్ గడప దాటకూడదు. ప్రైవేట్ కీ పుట్టేది వాటినుంచే.

309 అంకెల ప్రధాన సంఖ్యలు ఎన్ని ఉంటాయో రాయాలంటే ఒకటి పక్కన మూడువందలకు పైగా సున్నాలు పెట్టాలి. ఆ రాశిలోంచి గుడ్డిగా ఒకదాన్ని తీస్తే దాన్ని ఎవరూ ఊహించలేరు. అయితే తీయడం నిజంగా గుడ్డిగా జరగాలి.

చిక్కు అక్కడే వచ్చింది. కార్డులోని చిప్ గోరంత ఉంటుంది, దాని బలమూ అంతంత మాత్రమే. ఒక సంఖ్యను ఎంచుకోవడం, అది ప్రధాన సంఖ్య అవునో కాదో పరీక్షించడం, కాకపోతే మరోటి ఎంచుకోవడం, ఇలా పోతే చాలాసేపు పడుతుంది. చిప్ తయారుచేసిన జర్మన్ కంపెనీ ఇన్ఫినియాన్, తన సాఫ్ట్‌వేర్‌లో దీనికి ఒక అడ్డదారి వేసుకుంది. 65537 అనే సంఖ్యను ఏదో ఒక ఘాతానికి పెంచి, దానినుంచి ఒక సూత్రం ప్రకారం కట్టిన సంఖ్యలనే అది పరీక్షకు పెట్టేది. 2, 3, 5, 7 మొదలుకొని 701 దాకా ఉన్న 126 ప్రధాన సంఖ్యల్లో ఒక్కటి కూడా వాటిని భాగించదు. అందువల్ల సగం వడపోత ముందే అయిపోయినట్టు. పని తొందరగా తెమిలేది. కానీ పుట్టిన ప్రతి సంఖ్యమీదా పుట్టుమచ్చ మిగిలిపోయింది.

ఆ పుట్టుమచ్చ కనపడటానికి పెద్ద గణితం అక్కర్లేదు. 65537ను 11తో భాగిస్తే శేషం 10. దాని వర్గాన్ని భాగిస్తే శేషం 1. ఘనాన్ని భాగిస్తే మళ్లీ 10. ఎన్ని ఘాతాలకు పెంచినా ఈ రెండే వస్తాయి. కాబట్టి ఈ పద్ధతిలో పుట్టిన ప్రధాన సంఖ్యలను 11తో భాగిస్తే 1 గాని 10 గాని మిగులుతుంది. అలాంటి రెండింటిని గుణించి, లబ్ధాన్ని భాగించినా అంతే. మామూలు ఆర్ఎస్ఏ సంఖ్యకైతే 1 నుంచి 10 దాకా ఏ శేషమైనా రావచ్చు. ఇక 13తో భాగిస్తే పన్నెండు శేషాలకు బదులు ఆరే వస్తాయి: 1, 3, 4, 9, 10, 12. ఇలా మరికొన్ని చిన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే, అందరికీ తెలిసిన పబ్లిక్ కీనుంచే ఆ చిప్ బండారం బయటపడుతుంది. కూడికలూ భాగాహారాలూ వచ్చినవాళ్లకు కూడా ఇది అందుతుందన్నదే నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచే సంగతి.

కారణాంకం గురించి కొంత తెలిస్తే మిగతాది రాబట్టే దారిని డాన్ కాపర్‌స్మిత్ అనే గణితవేత్త 1996లోనే చూపించారు. బర్నో బృందం ఆ దారిని ఈ పుట్టుమచ్చకు తగ్గట్టు మలిచింది. ఒక్క కార్డు కీని విడగొట్టడానికి ఒక ప్రాసెసర్‌కు మహా అయితే 140 ఏళ్లు పడుతుందని లెక్కగట్టారు. అమ్మయ్య అనుకోవడానికి లేదు. పనిని ముక్కలుగా పంచుకోవచ్చు. వెయ్యి ప్రాసెసర్లు అద్దెకు తీసుకుంటే రెండు నెలల్లోపే అయిపోతుంది. ఖర్చు ఇరవై నుంచి నలభై వేల డాలర్లు. కాలేజీ కుర్రవాడికి అది భారమే. ఒక కంపెనీ ఆస్తినో ఒక మంత్రి సంతకాన్నో కాజేయాలనుకునేవాళ్లకు చిల్లర డబ్బు.

ఇంకో మాట. ఈ చిప్‌కు అంతర్జాతీయ భద్రతా ధ్రువపత్రాలన్నీ ఉన్నాయి. సంఖ్యలు పుట్టించే సూత్రాన్ని కంపెనీ గుట్టుగా ఉంచింది. గుట్టుగా ఉంచినందువల్ల లోపం లేకుండా పోలేదు, ఏళ్ల తరబడి తప్పు పట్టేవాళ్లకు దొరకలేదు.

కార్డు పాతదే, తాళం కొత్తది

దాడికి కావలసింది పబ్లిక్ కీ ఒక్కటే కాబట్టి ఎస్తోనియా ముందు ఆ కీల జాబితాను జనానికి అందుబాటులో లేకుండా మూసింది. ఎన్నికలు ఆపలేదు. ఆ లోగా ఇంజనీర్లు మరో పని మొదలుపెట్టారు. లోపం ఉన్నది ఆర్ఎస్ఏ సంఖ్యలు పుట్టించే భాగంలో. అదే చిప్‌కు ఎలిప్టిక్ కర్వ్ అనే వేరే గణితం కూడా వచ్చు. ఆ గణితంతో కొత్త కీలు పుట్టించేలా చిప్‌ను ఇంటినుంచే ఇంటర్నెట్ ద్వారా మార్చుకొనే ఏర్పాటు చేశారు. నవంబరు 2న బర్నో బృందం తమ పరిశోధన పత్రం మొత్తాన్ని ఒక సదస్సులో ప్రపంచం ముందు పెట్టింది. నవంబరు 3 అర్ధరాత్రి ఎస్తోనియా లోపమున్న కార్డుల డిజిటల్ ధ్రువపత్రాలన్నింటినీ నిలిపివేసింది. మార్చుకోనివాళ్ల కార్డు ఆ క్షణం నుంచి డిజిటల్ పనులకు పనికిరాదు.

తరవాత నాలుగు రోజులూ అంతా సాఫీగా ఏమీ సాగలేదు. సర్వర్లు మొరాయించాయి, పోలీసు కార్యాలయాల ముందు జనం బారులు తీరారు. డాక్టర్ల వంటి, కార్డు లేనిదే పూట గడవని ఉద్యోగులకు ముందు అవకాశం ఇచ్చి మిగతావాళ్లను ఆగమన్నారు. 2018 మార్చి 31 దాకా గడువు పెట్టారు. చివరికి సుమారు ఐదు లక్షల కార్డుల్లో కొత్త కీలు చేరాయి. ఈ లోపాన్ని వాడుకొని ఎవరి సంతకాన్నయినా దొంగిలించిన దాఖలా దొరకలేదు.

ప్రధాని ధైర్యం వెనక రహస్యం ఇదే. ఆయన చేతిలో ఉన్నది మార్చగలిగిన తాళం. లోపం ఒప్పుకున్న మర్నాడు ఏం చేయాలో తెలిసినవాడే ఒప్పుకోగలడు. డిజిటల్ ప్రభుత్వం గురించి ఎవరైనా గొప్పలు చెప్పినప్పుడు నేను అడగదలచుకున్న ప్రశ్న కూడా ఇదొక్కటే: ఇది పగిలిన రోజున దేన్ని మారుస్తారు?

కంచు సైనికుడు

ఎస్తోనియావాళ్లకు ఈ తెలివి పుస్తకాలు చదివి అబ్బలేదు. 2007 ఏప్రిల్ 26 రాత్రి, రాజధాని తాలిన్ నడిబొడ్డున సోవియట్ కాలంలో నిలిపిన కంచు సైనికుడి విగ్రహాన్ని సైనిక శ్మశానానికి తరలించే పని మొదలైంది. రష్యన్ మాట్లాడే జనంలో ఆగ్రహం కట్టలు తెగింది. వీధుల్లో అల్లర్లు జరిగాయి, ఒకరు చనిపోయారు. మర్నాటినుంచి పార్లమెంటు, మంత్రిత్వ శాఖలు, పత్రికలు, బ్యాంకుల వెబ్‌సైట్లు ఒకదాని వెనక ఒకటి కుప్పకూలడం మొదలుపెట్టాయి.

అక్కడ ఎవరూ ఏ తాళమూ పగలగొట్టలేదు. రేషన్ షాపు ముందు వెయ్యిమంది కిరాయి మనుషులు నిలబడి, బియ్యం తీసుకోకుండా 'ధర ఎంత' అని మాత్రం అడిగి మళ్లీ వరుసలో చేరుతూ ఉంటే, నిజంగా బియ్యం కావలసిన ముసలమ్మకు వంతు ఎప్పటికీ రాదు. వెబ్‌సైట్లకు జరిగింది అదే. దేశదేశాల్లో వైరస్ సోకిన కంప్యూటర్లు వాటి యజమానులకే తెలియకుండా ఈ వరుసలో నిలబడ్డాయి. దాడి మూడు వారాలు నడిచింది. రష్యా విజయ దినోత్సవమైన మే 9 చుట్టూ ఉధృతమైంది. దేశంలోనే పెద్ద బ్యాంకు హన్సాపాంక్ కొంతసేపు ఇంటర్నెట్ సేవలు ఆపేసింది. అప్పటికి ఏడాది కిందటే పుట్టిన అత్యవసర బృందం, హిల్లర్ ఆరెలాయిడ్ నాయకత్వంలో, విదేశాలనుంచి వచ్చే రద్దీని తెగ్గోసి దేశం లోపలి సేవలను నిలబెట్టింది. రష్యా ప్రభుత్వం తనకే పాపమూ తెలియదంది. ఎస్తోనియాలో కోర్టు శిక్ష పడింది ఒకే ఒక్క విద్యార్థికి, అదీ జరిమానా. సైబర్ దాడుల్లో దొంగను చూడటం, పట్టుకోవడం రెండూ వేరని అందరికీ అర్థమైంది.

మరుసటి ఏడాది నాటో తన సైబర్ రక్షణ కేంద్రాన్ని తాలిన్‌లో పెట్టింది. అంతకన్నా ముఖ్యమైన ఫలితం పదిహేనేళ్ల తరవాత కనిపించింది. 2022 ఆగస్టులో నార్వా పట్టణంలోని సోవియట్ ట్యాంకు స్మారకాన్ని తొలగించారు. మళ్లీ అదే కోపం, మళ్లీ అదే దాడి. 2007 తరవాత ఇంత పెద్దది ఎన్నడూ రాలేదని అధికారులు ప్రకటించారు. జనంలో ఎక్కువమందికి దాడి జరిగిందనే తెలియలేదు.

ఎవరు చూశారో చూడటం

సోవియట్ పాలన నుంచి 1991లో బయటపడినప్పుడు ఎస్తోనియా దగ్గర డబ్బు లేదు, జనమూ తక్కువే. మారుమూల పల్లెల్లో ఆఫీసులు పెట్టే స్తోమత లేక ఇంటర్నెట్ వైపు చూసింది. 1996లో 'పులి దూకుడు' అనే పథకం పెట్టి బడులకు కంప్యూటర్లు పంపింది. 2001 చివర్లో, ప్రభుత్వ శాఖలు ఒకదానికొకటి వివరాలు ఇచ్చిపుచ్చుకొనే ఎక్స్-రోడ్ వ్యవస్థ వచ్చింది. దాన్ని తయారుచేసిన సైబర్నెటికా సంస్థ, 1960లో సోవియట్ హయాంలో పెట్టిన సైబర్నెటిక్స్ పరిశోధన సంస్థలోంచి పుట్టింది. చరిత్రకు ఇలాంటి చమత్కారాలు ఇష్టం.

ఎక్స్-రోడ్‌లో చూడవలసింది దానిలో లేనిది. దేశం మొత్తం వివరాలు పోగుపెట్టిన ఒక పెద్ద భాండాగారం అందులో లేదు. ఆస్పత్రి వివరాలు ఆరోగ్య శాఖ దగ్గరే, భూమి వివరాలు రిజిస్ట్రీ దగ్గరే, వాహనాలవి రవాణా శాఖ దగ్గరే ఉంటాయి. ఒకరికి మరొకరి వివరం కావలసి వస్తే ఆ ఒక్క వివరాన్నే అడగాలి. అడిగిన ప్రతి సందేశం మీదా సంతకమూ సమయముద్రా పడతాయి. ఒక సర్వర్‌లో దొంగ పడితే పోయేది ఆ గదిలోనిదే. పైగా తన వివరాలను ఏ శాఖ ఎప్పుడు చూసిందో పౌరుడు ప్రభుత్వ పోర్టల్‌లో స్వయంగా చూసుకోవచ్చు. పనిలేకుండా చూసిన ఉద్యోగి జవాబు చెప్పుకోవాలి.

ఆ చూసిన జాబితానే ఎవరైనా చెరిపేస్తే? దానికి హాష్ అనే ఏర్పాటు ఉంది. ఎంత పెద్ద పత్రాన్నయినా ఒక సూత్రంలో వేస్తే పొట్టి సంఖ్య ఒకటి వస్తుంది. పత్రంలో ఒక్క కామా మారినా ఆ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. లక్షల పత్రాల హాష్‌లను జంటలు జంటలుగా కలుపుతూ పోతే చివరికి ఒక్కటే మిగులుతుంది. ఎస్తోనియా కంపెనీ గార్డ్‌టైమ్ అలా మిగిలిన సంఖ్యను అచ్చు పత్రికలో ప్రకటిస్తూ వచ్చింది. పాత రికార్డును మార్చాలనుకునే అధికారి, గ్రంథాలయాల్లో ఉన్న పాత పత్రికలన్నీ కూడా మార్చుకోవాలి మరి.

ఇలా చెబుతుంటే ఎస్తోనియా భూతల స్వర్గంలా అనిపించవచ్చు. కాదు. 2021లో ఒకతను ఒక సేవలోని లొసుగును పట్టుకొని గుర్తింపు కార్డుల డేటాబేస్ నుంచి 2,86,000 మంది ఫొటోలు దించుకున్నాడు. పట్టుబడ్డాడు, ప్రభుత్వమూ ప్రకటించింది. అయితే ముఖం ఒకసారి బయటికి పోయాక దానికి కొత్త కీ పుట్టించడం ఏ ఇంజనీరు వల్లా కాదు.

దేశాన్నే మార్చాల్సి వస్తే ఏం చేయాలన్న ఆలోచన కూడా వాళ్లు చేశారు. 1940లో ఒకసారి దేశం చేజారిన అనుభవం ఉంది కదా. 2017 జూన్‌లో లక్సెంబర్గ్‌తో ఒప్పందం చేసుకొని అక్కడ 'డేటా రాయబార కార్యాలయం' పెట్టారు. కీలకమైన రికార్డుల నకళ్లు అక్కడి సర్వర్లలో ఉంటాయి. ఎస్తోనియా అనుమతి లేకుండా లక్సెంబర్గ్ అధికారులు కూడా ఆ గదిలో అడుగుపెట్టకూడదు. ఇదంతా అతి జాగ్రత్త అని నవ్వినవాళ్లు 2022 ఫిబ్రవరిలో నవ్వడం మానేశారు. రష్యా సైన్యం రావడానికి వారం ముందు ఉక్రెయిన్ పార్లమెంటు హడావుడిగా చట్టం మార్చి, ప్రభుత్వ రికార్డులు దేశం బయట దాచుకోవడానికి వీలు కల్పించింది.

మన వేలిముద్రల కథ

డిజిటల్ పాలనలో తెలుగువాళ్లు వెనకబడ్డవాళ్లేమీ కాదు. ఎస్తోనియా కార్డు రాకముందే, 1998లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి 'కార్డ్' పేరుతో కంప్యూటర్లు వచ్చాయి. 2001లో హైదరాబాద్‌లో ఈ-సేవ, 2011లో మీ-సేవ వచ్చాయి. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లోనే 161 సేవలు మొదలుపెట్టింది. వీటివల్ల ఒరిగింది చిన్నదేమీ కాదు. ఉపాధి హామీ కూలి, పింఛను డబ్బు వేలిముద్ర ఉన్న స్మార్ట్ కార్డుల ద్వారా ఇస్తే ఏమవుతుందో కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ అనే ఆర్థికవేత్తలు ఉమ్మడి రాష్ట్రంలోని 157 మండలాల్లో పరీక్షించారు. కూలి డబ్బు తొందరగా అందింది, మధ్యలో మాయమయ్యేది బాగా తగ్గింది. వేలిముద్రను తిట్టేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మన రిజిస్ట్రేషన్ ఆఫీసుకే వద్దాం. ఒకరి భూమిని మరొకరు వాళ్లలా నటించి అమ్మేసే మోసాలు ఎక్కువయ్యాయని 2001లో కేంద్రం రిజిస్ట్రేషన్ చట్టానికి 32ఏ అనే సెక్షన్ చేర్చింది. పత్రం మీద ఫొటో అంటించాలి, వేలిముద్రలు వేయాలి. మంచి ఆలోచనే. ఆ కాలానికి వేలిముద్ర అంటే సాక్ష్యం, కోర్టులో గొడవ వస్తే పోల్చి చూసుకొనే గుర్తు. పత్రాన్ని ఎంతమంది చూసినా నష్టం లేదు.

2010లో ఆధార్ వచ్చింది. మహారాష్ట్ర నందుర్బార్ జిల్లా టెంభలి గ్రామంలో మొదటి నంబరు ఇచ్చారు. తరవాత కొన్నేళ్లలో అదే వేలిముద్ర బ్యాంకు ఖాతా తెరిచే తాళంచెవి అయింది. ఏఈపీఎస్ పద్ధతిలో ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలు, ఈ మూడూ ఉంటే ఊళ్లోని బ్యాంకు మిత్ర దగ్గర డబ్బు తీసుకోవచ్చు. పిన్ లేదు, ఓటీపీ లేదు. ఫోను లేని ముసలివాళ్లకు ఇది నిజంగా వరం. ఇంకోవైపు, పాత రిజిస్ట్రేషన్ పత్రాలను స్కాన్ చేసి పారదర్శకత పేరుతో ఇంటర్నెట్‌లో పెట్టారు. పత్రం మీద వేలిముద్ర ఉంది, చాలాచోట్ల ఆధార్ నంబరూ ఉంది. సాక్ష్యాలు దాచే శాఖ ఒకటి, తాళాలు చేసే సంస్థ మరొకటి. మధ్యలో ఏమవుతుందో చూడటం ఎవరి పనీ కాలేదు.

2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల డీలర్, తెలంగాణ రిజిస్ట్రేషన్ వెబ్‌సైట్‌లోని పత్రాల నుంచి వేలిముద్రలు దించుకొని, రబ్బరు స్టాంపులు చేసే సామగ్రితో వాటికి నకళ్లు చేశాడు. వాటితో ముక్కూమొహం తెలియనివాళ్ల పేర్ల మీద సిమ్‌లు తెరిచాడు. టార్గెట్లు అందుకోవడం కోసమట. నాలుగేళ్ల తరవాత సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠాకు అంత అల్పాశ లేదు. వాళ్లు ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ పత్రాల్లోని వేళ్లతో ఏఈపీఎస్ ద్వారా ఖాతాల్లోంచి డబ్బే లాగారు. ఆధార్ సర్వర్లలోకి వీళ్లలో ఎవరూ చొరబడలేదు. ఆ అవసరం వాళ్లకు రాలేదు.

వేలిముద్ర యంత్రం చూసేది వేలిని కాదు. గీతలు ఎక్కడ ఆగిపోయాయి, ఎక్కడ రెండుగా చీలాయి అన్న కొన్ని పదుల బిందువులను చూస్తుంది. ఆ బిందువులు రబ్బరు మీదున్నా సరిపోతాయి. పగలంతా పలుగూపారా పట్టిన కూలీ వేలిమీద గీతలు అరిగిపోతే అతని సొంత వేలే 'పడట్లేదు' అంటుంది యంత్రం. అసలు మనిషిని కాదని, రబ్బరు ముక్కను అవుననడం కన్నా అన్యాయం ఏముంటుంది? ఈ దెబ్బ తగిలాక ఆధార్ సంస్థ 2023లో గీతల బిందువులతోపాటు వేలి బొమ్మను కూడా పరిశీలించి, అది ప్రాణమున్న వేలేనా అని తేల్చే పద్ధతిని అమల్లోకి తెచ్చింది. ఇది అవసరమైన పనే. కానీ నకలు చేసేవాడు ఊరుకోడు కాబట్టి ఈ పోటీకి ముగింపు ఉండదు.

వేలిముద్రను కూడా మార్చుకోగలిగేలా చేయొచ్చా అని శాస్త్రవేత్తలు ఆలోచించకపోలేదు. ఐబీఎంలో పనిచేసిన నళిని రథా, జొనాథన్ కానెల్, రూడ్ బోలే 2001లోనే ఒక ఉపాయం చెప్పారు. వేలిముద్రను ఉన్నదున్నట్టు దాచకుండా, ఒక సూత్రం ప్రకారం కావాలనే వంకరలు తిప్పి దాచాలి. ఆ డేటాబేస్ దొంగలపాలైతే సూత్రం మార్చి మళ్లీ వంకరలు తిప్పాలి. తెలివైన ఉపాయం. కానీ దొంగ డేటాబేస్ దాకా పోకుండా, స్టాంపు కాగితం మీదున్న అసలు వేలినే ఎత్తుకుపోతే ఈ ఉపాయం నిలవదు. రిజిస్ట్రేషన్ వెబ్‌పేజీల్లో వేలిముద్రలను ఇప్పుడు నల్లరంగుతో మూసినా, అంతకుముందు దించుకుపోయిన నకళ్లను వెనక్కి పిలవలేం. ఎస్తోనియాలో ఏడున్నర లక్షల కార్డుల్ని ఒక్క అర్ధరాత్రి నిలిపేశారు. మనిషికి పదే వేళ్లు. ఒక్కదాన్నీ రద్దు చేసి కొత్తది ఇవ్వలేం.

కాబట్టి నా తీర్పు ఇది. వేలిముద్ర 'ఈ మనిషి ఎవరు' అన్న ప్రశ్నకు సాయపడవచ్చు. 'ఈ డబ్బు ఇవ్వడానికి ఒప్పుకున్నాడా' అన్న ప్రశ్నకు ఒంటరిగా జవాబు చెప్పే అధికారం దానికి ఉండకూడదు. దాని పక్కన మార్చుకోదగినది ఇంకోటి ఉండి తీరాలి, అది పిన్ కావచ్చు, కార్డు కావచ్చు. ముసలివాళ్లకు కష్టమంటారు. ఏటీఎం పిన్ గుర్తుపెట్టుకోలేనివాళ్ల కోసం బ్యాంకులు కష్టపడాలి గాని, ఆ నష్టాన్ని ముసలివాళ్ల ఖాతాకు రాయకూడదు.

ఇంకో లోటు కూడా ఉంది. మనం ఎవరమో ప్రభుత్వానికి రోజుకు నాలుగుసార్లు రుజువు చేసుకుంటున్నాం. ప్రభుత్వం తానెవరో మనకు రుజువు చేసుకోవడం లేదు. పీఎం కిసాన్ పేరుతో, ఆర్టీఓ చలానా పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు, పోలీసు దుస్తులేసుకొని వీడియో కాల్‌లో 'డిజిటల్ అరెస్టు' చేసే మాయగాళ్లు అందరూ ఆ ఖాళీలోంచే దూరుతున్నారు. బ్యాంకుల వెబ్‌సైట్లన్నీ 'బ్యాంక్ డాట్ ఇన్' చిరునామాకు మారాలని రిజర్వు బ్యాంకు 2025లో ఆదేశించడం ఈ దిశలో ఒక అడుగు. సేవలు వాట్సాప్‌లోకి వస్తున్న కొద్దీ ఇలాంటి అడుగులు ఇంకా చాలా పడాలి.

ఈలోగా పాఠకులు చేయగలిగిన పని ఒకటుంది. ఆధార్ వెబ్‌సైట్‌లోగాని ఆధార్ యాప్‌లోగాని బయోమెట్రిక్ లాక్ అనే సదుపాయం ఉంది. అది వేస్తే మీ వేలు, కన్ను, ముఖం దేనితోనూ ఎవరూ ఆధార్ ధ్రువీకరణ చేయలేరు. అవసరం పడ్డప్పుడు మీరే కాసేపు తీసి మళ్లీ వేసుకోవచ్చు. ఓటీపీతో జరిగే పనులు ఆగవు. మీ నంబరును ఇటీవల ఎవరెవరు ధ్రువీకరించారో ఆ వెబ్‌సైట్‌లోనే కనిపిస్తుంది, అదీ చూడండి. మీరెరగని పేరు కనిపించినా, డబ్బు పోయినా ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. మీది అయ్యాక, ఊళ్లో భూమి రిజిస్టర్ చేయించుకున్న అమ్మానాన్నలది, అత్తమామలది కూడా పక్కన కూర్చుని లాక్ చేసిపెట్టండి. నెలనెలా వేలేసి పింఛను తీసుకునేవాళ్లయితే ఆ రోజు లాక్ ఎలా తీయాలో కూడా నేర్పండి.